పీడీఎఫ్ మీద నొక్కితే ఎడిటర్‌లో ఆ లైనుకు వెళ్లాలి, ఎలా? (లేటెక్, వీఎస్ కోడ్, సుమత్రా)

మూడో_చాప్టర్ · సోమవారం రాత్రి 11:40

అందరికీ నమస్కారం. థీసిస్ లేటెక్‌లో (మామూలు టెక్స్ట్ ఫైల్లో ఆదేశాలతో రాసి కంపైల్ చేస్తే పీడీఎఫ్ తయారయ్యే పద్ధతి) రాస్తున్నాను, 180 పేజీలు దాటింది. విండోస్ మీద వీఎస్ కోడ్‌లో రాసి, సుమత్రా పీడీఎఫ్‌లో చూసుకుంటాను.

నా బాధ ఏంటంటే, పీడీఎఫ్ చదువుతుంటే 94వ పేజీలో ఒక తప్పు కనిపిస్తుంది. దిద్దాలంటే ఎడిటర్‌లోకి వచ్చి, ఆ వాక్యంలోంచి రెండు మాటలు సెర్చ్‌లో కొట్టాలి. అవి 11 చోట్ల దొరుకుతాయి. ఒక్కోటీ తెరిచి చూడాలి. దిద్దేది ఒక కామా, దాన్ని పట్టుకోవడానికి ఐదు నిమిషాలు. మా గైడ్ గారు ప్రింటు తీసి ఎర్ర పెన్నుతో దిద్ది ఇచ్చారు. 200 పైనే ఉన్నాయి. చూస్తేనే టెన్షన్ వస్తోంది.

పీడీఎఫ్‌లో డబుల్ క్లిక్ చేస్తే ఎడిటర్ నేరుగా ఆ లైనుకు వెళ్తుందని విన్నాను. నేను చేస్తే మాట సెలెక్ట్ అవుతోంది, అంతే. ఏదైనా ఆన్ చేయాలా?

---

ఓవర్‌ఫుల్ · సోమవారం రాత్రి 11:52

టెక్స్‌స్టూడియో అనే లేటెక్ ఎడిటర్ వేసుకోండి. పీడీఎఫ్ దాంట్లోనే పక్కన కనిపిస్తుంది, కంట్రోల్ పట్టుకుని క్లిక్ చేస్తే లైనుకు వెళ్తుంది. ఏమీ సెట్ చేయక్కర్లేదు. థీసిస్ చివర్లో ఉన్నవాళ్లు ఎడిటర్‌తో ప్రయోగాలు చేయకూడదు.

---

పాత_డీవీఐ · మంగళవారం ఉదయం 6:15

ఓవర్‌ఫుల్ గారి సలహా చెడ్డదేమీ కాదు. కానీ చేయి అలవాటుపడిన ఎడిటర్‌ని 180 పేజీల దగ్గర మార్చమనడం కూడా ప్రయోగమే కదండీ.

మూడో_చాప్టర్ గారూ, మీరు విన్నది సింక్‌టెక్ గురించి. కంపైల్ చేసేటప్పుడు -సింక్‌టెక్=1 అనే ఆప్షన్ ఇస్తే, పీడీఎఫ్‌తో పాటు అదే పేరుతో, చివర .సింక్‌టెక్.జీజెడ్ ఉన్న ఇంకో ఫైలు తయారవుతుంది. ఏ ఫైల్లో ఏ లైను ఏ పేజీలో ఎక్కడ పడిందో అందులో రాసి ఉంటుంది. పీడీఎఫ్‌లో మాత్రం ఈ సమాచారం ఏమీ ఉండదు. వ్యూయర్ చేసేదల్లా మీరు నొక్కిన చోటు చూసి, పక్కనున్న ఆ ఫైలు తెరిచి, లైను నంబరు పట్టుకుని, ఎడిటర్‌ని పిలవడం.

అంటే మూడు చేతులు కలవాలి. కంపైలర్ ఆ ఫైలు రాయాలి, వ్యూయర్‌కి అది దొరకాలి, ఎడిటర్‌ని ఎలా పిలవాలో వ్యూయర్‌కి తెలియాలి. మీకు ఏ చేయి జారిందో చూద్దాం. ముందు ఒక్కటి చెప్పండి: మీరు తెరిచే పీడీఎఫ్ ఏ ఫోల్డర్లో ఉందో, అదే ఫోల్డర్లో .సింక్‌టెక్.జీజెడ్ ఉందా?

---

మూడో_చాప్టర్ · మంగళవారం ఉదయం 8:02

లేదండీ. వెతికితే ‘బిల్డ్’ అనే ఫోల్డర్లో ఉంది. ఆక్స్, లాగ్ వగైరా చెత్తంతా అక్కడికి పోయేలా పెట్టుకున్నాను. కంపైల్ అవ్వగానే చిన్న స్క్రిప్టు ఒకటి పీడీఎఫ్‌ని బయటి ఫోల్డర్లోకి ‘థీసిస్_తాజా’ అనే పేరుతో కాపీ చేస్తుంది. నేను చూసేది ఆ కాపీ.

---

పాత_డీవీఐ · మంగళవారం ఉదయం 8:20

దొరికింది. పేరు మారింది, చోటూ మారింది. పాపం వ్యూయర్ ‘థీసిస్_తాజా’ పక్కన ‘థీసిస్_తాజా.సింక్‌టెక్.జీజెడ్’ కోసం చూస్తుంది. అలాంటిది ఎక్కడా లేదు.

రాసుకునేటప్పుడు బిల్డ్‌లో ఉన్న అసలు పీడీఎఫ్‌నే తెరవండి. కాపీ స్క్రిప్టు గైడ్ గారికి పంపేరోజు మాత్రం నడపండి. సుమత్రా ఫైలుకి తాళం వేయదు కాబట్టి అది తెరిచి ఉండగానే మళ్లీ మళ్లీ కంపైల్ చేసుకోవచ్చు, మార్పు దానంతటదే కనిపిస్తుంది. అక్రొబాట్ రీడర్‌తో ఆ సుఖం లేదు. విండోస్‌లో అది ఫైలుని పట్టుకుని కూర్చుంటుంది, పైగా సింక్‌టెక్ దానికి తెలియదు.

తర్వాత సుమత్రాలో సెట్టింగ్స్, ఆప్షన్స్‌కి వెళ్లండి. కింద ఇన్వర్స్ సెర్చ్ కమాండ్ లైన్ అని పెట్టె ఉంటుంది. కనిపించకపోతే అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ ఫైల్లో ఎనేబుల్ టెక్స్ ఎన్‌హాన్స్‌మెంట్స్ అన్నదాన్ని ట్రూ చేయండి. ఆ పెట్టెలో వీఎస్ కోడ్ ప్రోగ్రాం ఉన్న దారి రాసి, దాని తర్వాత -జి, ఆ తర్వాత %ఎఫ్:%ఎల్ పెట్టాలి. %ఎఫ్ ఉన్నచోట ఫైలు పేరు, %ఎల్ ఉన్నచోట లైను నంబరు సుమత్రా నింపుతుంది. -జి అంటే ఆ లైనుకు వెళ్లమని కోడ్‌కి చెప్పడం.

---

మూడో_చాప్టర్ · మంగళవారం రాత్రి 9:35

సగం గెలిచాను. డబుల్ క్లిక్ చేస్తే వీఎస్ కోడ్ ముందుకొస్తోంది! కానీ రెండు కొత్త ఖాళీ ట్యాబులు తెరుస్తోంది. ఒకదాని పేరు ‘థీసిస్’, రెండోదాని పేరు ఏదో పొడుగ్గా, చివర :212 అని ఉంది. నా ఫైలు మాత్రం రావట్లేదు.

---

చుక్క_కామా · మంగళవారం రాత్రి 9:41

మీ ఫోల్డరు పేరులో ఖాళీ ఉందా? ‘థీసిస్ ఫైనల్’ లాంటిదేమైనా?

---

మూడో_చాప్టర్ · మంగళవారం రాత్రి 9:43

‘థీసిస్ ఫైనల్_నిజంగా’ అండీ. మీకెలా తెలుసు!

---

చుక్క_కామా · మంగళవారం రాత్రి 9:50

అందరి ఫోల్డర్లూ అలాగే ఉంటాయి లెండి. ఖాళీ దగ్గర కమాండు ముక్కలైపోతోంది. వీఎస్ కోడ్‌కి అవి వేరువేరు ఫైళ్ల పేర్లలా కనిపిస్తున్నాయి. %ఎఫ్:%ఎల్ మొత్తానికి డబుల్ కోట్స్ పెట్టండి. ప్రోగ్రాం దారిలో కూడా ఖాళీ ఉంటే దానికి విడిగా ఇంకో జత. రెండూ కలిపి ఒకే జతలో పెడితే అసలుకే మోసం.

వీలుంటే ఫోల్డరు పేరులోంచి ఖాళీలు తీసేయండి. సింక్‌టెక్ ఒక్కటే కాదు, బొమ్మల దారుల దగ్గరా, స్క్రిప్టుల దగ్గరా ఎప్పుడో ఒకప్పుడు అవి కాలికి తగులుతూనే ఉంటాయి.

---

మూడో_చాప్టర్ · మంగళవారం రాత్రి 10:08

వచ్చింది!!! 94వ పేజీలో నొక్కాను, 212వ లైను మీద కర్సర్ నిలబడింది. మీకందరికీ వందనాలు.

ఇక రెండో వైపు కూడా అడిగేస్తాను. ఎడిటర్‌లో ఉన్న లైను పీడీఎఫ్‌లో ఎక్కడుందో చూపించడం? అది కూడా సుమత్రాలో వస్తుందా?

---

కీబోర్డు_చాలు · మంగళవారం రాత్రి 10:30

వస్తుంది బ్రదర్. దాన్ని ఫార్వర్డ్ సెర్చ్ అంటారు. వీఎస్ కోడ్‌లో లేటెక్ వర్క్‌షాప్ ఎక్స్‌టెన్షన్ ఉంటే కంట్రోల్+ఆల్ట్+జె. దాని సొంత వ్యూయర్‌లో అయితే ఇంకేమీ అక్కర్లేదు. సుమత్రాకి పంపాలంటే సెట్టింగ్స్‌లో వ్యూయర్‌ని ఎక్స్‌టర్నల్ అని పెట్టి, సుమత్రాకి ఇచ్చే కమాండు రాయాలి: -రీయూజ్-ఇన్‌స్టన్స్, తర్వాత -ఫార్వర్డ్-సెర్చ్, దాని వెనకాల టెక్స్ ఫైలు, లైను నంబరు, చివర పీడీఎఫ్. ఈ వరస తప్పకూడదు. మొదటిది మర్చిపోతే నొక్కినప్పుడల్లా కొత్త కిటికీ తెరుచుకుంటుంది. నాకు ఒకసారి 14 అయ్యాయి.

నేనైతే లినక్స్‌లో విమ్ ఎడిటర్, జథూరా వ్యూయర్. విమ్‌టెక్ ప్లగిన్‌లో బ్యాక్‌స్లాష్, ఎల్, వి కొడితే పీడీఎఫ్ ఆ చోటికి దూకుతుంది. జథూరాలో కంట్రోల్ పట్టుకుని క్లిక్ చేస్తే వెనక్కి. ఆక్యులర్ వాడేవాళ్లకి షిఫ్ట్+క్లిక్, అది కూడా బ్రౌజ్ మోడ్‌లో ఉంటేనే. మ్యాక్‌లో స్కిమ్‌కి కమాండ్+షిఫ్ట్+క్లిక్. ఒక్కో వ్యూయర్‌ది ఒక్కో మొక్కు. సగం మంది ‘పని చేయట్లేదు’ అనేది తప్పు మీట నొక్కడం వల్లే అని నా అనుమానం.

---

మూడో_చాప్టర్ · బుధవారం ఉదయం 7:10

ఫార్వర్డ్ కూడా కుదిరింది. ఇప్పుడు చిన్న అసంతృప్తి. కొన్ని చోట్ల లైను సరిగ్గా పడుతోంది, కొన్ని చోట్ల పేరా మొదటికి తీసుకెళ్లి వదిలేస్తోంది. పీడీఎఫ్‌లో పేరా చివరి మాట మీద నొక్కినా కర్సర్ పేరా మొదట్లోనే. ఇంతకంటే కచ్చితంగా రాదా?

---

చుక్క_కామా · బుధవారం ఉదయం 7:32

మీరు పేరా మొత్తం ఒకే లైనులో రాస్తారా? ఎడిటర్ మడత పెట్టి చూపిస్తుంది కాబట్టి పది లైన్లలా కనిపిస్తుంది, కానీ ఎంటర్ ఒక్కటే ఉంటుంది. అవునా?

---

మూడో_చాప్టర్ · బుధవారం ఉదయం 7:35

అవును. వర్డ్ అలవాటు.

---

చుక్క_కామా · బుధవారం ఉదయం 7:48

అయితే అది తప్పు చేయట్లేదు. సింక్‌టెక్ చెప్పేది లైను నంబరు, లైనులో ఎన్నో మాటో కాదు. మీ ఫైల్లో ఆ పేరా అంతా 212వ లైనే కాబట్టి అది 212 అంది.

మందు ఒక్కటే. ఒక వాక్యం, ఒక లైను. చుక్క పెట్టగానే ఎంటర్ కొట్టండి. లేటెక్‌కి ఒక్క ఎంటర్ అంటే మామూలు ఖాళీయే, ఖాళీ లైను వదిలితేనే కొత్త పేరా. పీడీఎఫ్‌లో ఏమీ మారదు. కానీ మీరు నొక్కినప్పుడు సరిగ్గా ఆ వాక్యం మీద పడతారు.

---

ఓవర్‌ఫుల్ · బుధవారం ఉదయం 9:05

మొదలైంది. పరికరం కోసం మనిషి రాసే పద్ధతి మార్చుకోవాలా? నేను పేరాని పేరాగా చూస్తూ రాస్తాను. వాక్యాలు విడివిడిగా కింద కింద ఉంటే నాకు కిరాణా చీటీ చదువుతున్నట్టు ఉంటుంది. దగ్గర్లో పడేస్తే చాలు, మిగతాది కళ్లు చూసుకుంటాయి.

---

చుక్క_కామా · బుధవారం ఉదయం 9:22

కిరాణా చీటీ మాట ఒప్పుకుంటాను, మొదటి వారం నాకూ అలాగే ఉండేది. కానీ ఇది సింక్‌టెక్ కోసం పుట్టిన పద్ధతి కాదండీ. యునిక్స్ కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం 1974లో రాసిన పాఠంలో బ్రయన్ కెర్నిగన్ ఇదే చెప్పారు, ప్రతి వాక్యం కొత్త లైనులో మొదలుపెట్టమని. దిద్దడం తేలికవుతుందని. అప్పటికి లేటెక్ కాదు కదా, దానికి పునాది అయిన టెక్ కూడా లేదు.

మార్పుల చరిత్ర దాచిపెట్టే గిట్ వాడితే ఇంకో లాభం. పేరా ఒకే లైను అయితే ఒక కామా మార్చినా తేడాలో పేరా మొత్తం ఎర్రగా చూపిస్తుంది. వాక్యానికో లైను అయితే ఆ వాక్యమే. ఇంకొకటుంది, నవ్వకండి. లైన్ల పొడుగు చూస్తే నా వాక్యం ఎక్కడ చాంతాడంత అయిందో చదవకుండానే తెలుస్తుంది.

---

ఓవర్‌ఫుల్ · బుధవారం ఉదయం 9:30

చాంతాడు సంగతి మాత్రం నన్ను ఉద్దేశించే అన్నారని అర్థమైంది. కానివ్వండి.

---

పాత_డీవీఐ · బుధవారం మధ్యాహ్నం 2:10

లోపల ఏముంటుందో ఒకసారి కళ్లతో చూస్తే ఈ వాదన సగం తగ్గుతుంది. -సింక్‌టెక్=1 బదులు -సింక్‌టెక్=-1 అని మైనస్ పెట్టి కంపైల్ చేయండి. జిప్ చేయకుండా మామూలు టెక్స్ట్ ఫైలు వస్తుంది. ఎడిటర్‌లో తెరవండి.

మొదట్లో ‘ఇన్‌పుట్’ అని మొదలయ్యే లైన్లు వరసగా ఉంటాయి. ఒక్కో ఫైలుకి ఒక నంబరు, పక్కన దాని పూర్తి దారి. 1 మీ మెయిన్ ఫైలు, 2 ఏదో క్లాసు ఫైలు, అలా పోతుంది. తర్వాత పేజీ పేజీకీ రికార్డులు. అందులో ఒకటి ఇలా ఉండొచ్చు:

g7,212:8799518,14822517

మొదటి g అంటే అది మాటల మధ్య ఖాళీ. 7 అంటే ఏడో నంబరు ఫైలు. 212 లైను. తర్వాతి రెండూ పేజీ మీద అడ్డం, నిలువు కొలతలు. ఇంత పెద్ద అంకెలు చూసి భయపడకండి. టెక్ లోపల కొలిచే స్కేల్డ్ పాయింట్లు అవి, 65536 కలిస్తే ఒక పాయింటు. 8799518ని దాంతో భాగిస్తే 134.27 పాయింట్లు. అంగుళానికి 72.27 పాయింట్లు కాబట్టి కాగితం ఎడమ అంచు నుంచి 4.7 సెంటీమీటర్లు. స్కేలు పెట్టి చూసుకోవచ్చు.

ఇక్కడో తమాషా ఉంది. అక్షరాలకి ఇందులో చిరునామా ఉండదు. పెట్టెలకి, మాటల మధ్య ఖాళీలకి, కెర్నులకి (అక్షరాల మధ్య చిన్న సర్దుబాట్లు), గణితం మొదలూ చివరా ఉన్న గుర్తులకి ఉంటుంది. టెక్ లోపల అక్షరం పట్టుకునే చోటు చాలా ఇరుకు, అందులో ఇంకేమీ పట్టదు. ఖాళీకి మాత్రం కాస్త చోటు పెంచి, లైను నంబరు అందులో దాచారు. మీరు మాట మీద నొక్కినప్పుడు జవాబు చెప్పేది దాని పక్కనున్న ఖాళీ.

సింక్‌టెక్‌ని చేసినది జెరోమ్ లోరెన్స్. టెక్ లైవ్ (టెక్ ప్రోగ్రాములన్నీ కలిపి ఇచ్చే మూట) 2008తో వచ్చింది. అంతకుముందు మేం డీవీఐ (పీడీఎఫ్ రాకముందు టెక్ ఇచ్చే అవుట్‌పుట్) ఫైల్లో సోర్స్ స్పెషల్స్ అని గుర్తులు పెట్టుకునేవాళ్లం, పీడీఎఫ్‌కి పీడీఎఫ్‌సింక్ అనే ప్యాకేజీ ఉండేది. దాంట్లోనూ ఆయన చెయ్యి ఉంది. రెండిటిదీ ఒకటే జబ్బు. గుర్తులు పాఠంలోనే దూర్చేవి కాబట్టి ఒక్కోసారి లైను విరిగే చోటు మారిపోయేది, పేజీ జారిపోయేది. పని అంతా అయ్యాక ఆ ప్యాకేజీ తీసేసి మళ్లీ కంపైల్ చేస్తే, ఇన్నాళ్లూ చూసుకున్న పేజీ ఇంకోలా వచ్చేది. సింక్‌టెక్‌ని ఇంజన్ లోపలే పెట్టడంతో ఆ బెడద పోయింది. ఆన్ చేసినా ఆఫ్ చేసినా పేజీ ఒకటే. అందుకే దాన్ని ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచండి.

---

స్లైడ్ల_రాణి · బుధవారం సాయంత్రం 5:45

మాష్టారూ, అయితే లేటెక్ బీమర్‌లో చేసిన నా స్లైడ్ల సంగతేంటి? స్లైడులో ఎక్కడ నొక్కినా ఆ స్లైడు (ఫ్రేమ్) ముగిసే ఎండ్ ఫ్రేమ్ అన్న లైనుకే తీసుకెళ్తుంది. మొదటి బుల్లెట్టా, చివరి బుల్లెట్టా అని లేదు. మొన్న ఒక స్లైడులో నొక్కితే ఏదో .వీఆర్‌బీ అనే ఫైలు తెరుచుకుంది. అదే నా ఫైలనుకుని అక్కడే పావుగంట దిద్దాను. కంపైల్ చేయగానే అన్నీ గాలికి పోయాయి.

---

పాత_డీవీఐ · బుధవారం సాయంత్రం 6:30

అయ్యో. పావుగంటతో పోయింది, నయం.

బీమర్ ఫ్రేమ్‌లో ఉన్నదంతా ముందు ఒక్క గుక్కలో మింగి, ఎండ్ ఫ్రేమ్ చూశాక అప్పుడు అక్షరాలు పేర్చడం మొదలుపెడుతుంది. అప్పటికి చదువుతున్న లైను ఎండ్ ఫ్రేమ్ కాబట్టి అన్నిటికీ అదే నంబరు పడుతుంది. ఆమ్స్‌మ్యాథ్ అలైన్‌లో సమీకరణాలదీ ఇదే కథ, నాలుగైదు లైన్లు పట్టే ఫుట్‌నోట్‌దీ ఇదే. బ్రాకెట్ లోపలున్నది ముందు మింగి తర్వాత నమిలే ప్రతిదీ ఇంతే.

ఫ్రేమ్‌కి ఫ్రజైల్ అని పెడితే బీమర్ లోపలిదంతా .వీఆర్‌బీ అనే తాత్కాలిక ఫైల్లో రాసి, మళ్లీ దాన్ని చదువుకుంటుంది. సింక్‌టెక్ దృష్టిలో మాటలు నిజంగా అక్కడినుంచే వచ్చాయి, అందుకే అక్కడికి పంపింది. విషయసూచిక మీద నొక్కితే .టీఓసీ ఫైలుకి, బిబ్‌టెక్ గ్రంథసూచి మీద నొక్కితే .బీబీఎల్ ఫైలుకి వెళ్లేది కూడా ఇందుకే. ఇవన్నీ తర్వాతి కంపైల్‌లో మళ్లీ రాయబడే ఫైళ్లు. ట్యాబు పేరు చూడకుండా దిద్దితే మీకైనట్టే అవుతుంది.

దారి ఉంది, కానీ కొంచెం మోటు. స్లైడులో పెద్ద విషయం ఉంటే దాన్ని వేరే ఫైల్లో రాసి, ఫ్రేమ్ లోపల ఇన్‌పుట్‌తో పిలవండి. అప్పుడు ఫ్రేమ్ మింగేది ఇన్‌పుట్ అన్న ఒక్క మాటనే, ఆ ఫైలుని తర్వాత లైను లైనుగా చదువుతుంది. 20 స్లైడ్లకి ఇంత శ్రమ నేనైతే పడను.

---

స్లైడ్ల_రాణి · బుధవారం సాయంత్రం 6:41

నేనూ పడను. కారణం తెలిసింది, ఇక దాని మీద అలగను.

---

రెండు_తలల_మెషీన్ · గురువారం ఉదయం 10:15

ఈ దారం చదివి నా రోగం కూడా తెలిసింది. ఎడిటరూ వ్యూయరూ విండోస్‌లో, కంపైల్ మాత్రం డబ్ల్యూఎస్ఎల్‌లో (విండోస్ లోపల నడిచే లినక్స్). మాష్టారు చెప్పినట్టు మైనస్ 1 పెట్టి ఆ ఫైలు తెరిచి చూశాను. ‘ఇన్‌పుట్’ లైన్లన్నీ /ఎంఎన్‌టీ/సి/ అని మొదలవుతున్నాయి. విండోస్‌లో ఆ దారి ఎక్కడుంటుంది! అక్కడ అది సి డ్రైవు. నెల రోజులుగా సుమత్రాని తిట్టుకుంటున్నాను.

---

కీబోర్డు_చాలు · గురువారం ఉదయం 10:40

నాకు లినక్స్‌లోనే ఇలాంటిది జరిగింది బ్రదర్. ప్రాజెక్టు ఫోల్డరుకి సిమ్‌లింక్ (మారుపేరు దారి) పెట్టుకున్నా. ఎడిటర్‌లో తెరిచింది ఒక దారిలో, సింక్‌టెక్ ఫైల్లో ఉన్నది ఇంకో దారి. ఫైలు ఒకటే, పేర్లు రెండు. నొక్కితే అదే ఫైలు రెండో ట్యాబులో తెరుచుకునేది.

మీకు రెండు మార్గాలు. విండోస్‌లోనే టెక్ లైవ్ వేసుకుని అక్కడే కంపైల్ చేయడం. లేదా వీఎస్ కోడ్‌ని డబ్ల్యూఎస్ఎల్‌లోకి రిమోట్‌గా కలిపి, లేటెక్ వర్క్‌షాప్ సొంత వ్యూయర్ వాడడం, అప్పుడు అందరూ ఒకే వైపు ఉంటారు. ఆ జీజెడ్ ఫైలు విప్పి, దారులు మార్చి, మళ్లీ కట్టే స్క్రిప్టు కూడా రాయొచ్చు. నేను రాశాను. పని చేసింది. ఎవరికీ సిఫారసు చేయను.

---

చుక్క_కామా · గురువారం ఉదయం 11:05

దారుల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తాను. ఆ ఫైల్లో మీ కంప్యూటర్ యూజర్ పేరు, ఫోల్డర్ల పేర్లు పూర్తిగా ఉంటాయి. పేపరు ఎక్కడికైనా పంపేటప్పుడు ఫోల్డరు మొత్తం జిప్ చేసి పంపేస్తుంటారు చాలామంది. రచయిత పేరు దాచి పంపాల్సిన చోట ఇది చూసుకోండి. గిట్‌లో కూడా ఇగ్నోర్ జాబితాలో వేసేయండి, అది అక్కడ ఎవరికీ పనికిరాదు.

---

రెండు_తలల_మెషీన్ · గురువారం రాత్రి 8:50

విండోస్‌లోకే మారిపోయాను, పని చేస్తోంది. ఒక సందేహం. ఫోల్డర్లో ఇప్పుడు ‘మెయిన్.సింక్‌టెక్(బిజీ)’ అనే ఫైలు కనిపిస్తోంది. ఇదేంటి? నొక్కితే పాత చోటికే వెళ్తోంది.

---

పాత_డీవీఐ · గురువారం రాత్రి 9:04

కంపైల్ జరుగుతున్నంతసేపూ ఆ పేరుతో రాస్తుంది, పూర్తయ్యాక అసలు పేరు పెడుతుంది. మధ్యలో కంపైల్‌ని చంపేస్తే బిజీ బిజీగానే మిగిలిపోతుంది. తీసేసి మళ్లీ ఒకసారి పూర్తిగా కంపైల్ చేయండి. ఎర్రర్ దగ్గర విసుగొచ్చి కిటికీ మూసేసి ఉంటారు.

---

రెండు_తలల_మెషీన్ · గురువారం రాత్రి 9:06

మూసేశాను.

---

మూడో_చాప్టర్ · శుక్రవారం రాత్రి 12:20

అందరికీ ఇంకోసారి థాంక్స్. మూడో చాప్టరు వాక్యానికో లైనుగా విడగొట్టాను (చుక్క_కామా గారూ, మూడు గంటలు పట్టింది, మళ్లీ చేయను). ఆ తర్వాత జరిగింది చెప్పాలి.

94వ పేజీలో ఒక వాక్యం ఉంది. గైడ్ గారు దాన్ని దిద్దమని రెండుసార్లు రాశారు. నేను దిద్దాను అని రెండుసార్లు చెప్పాను. మూడోసారి కూడా ఎర్ర గీత వచ్చింది, పక్కన ఈసారి ప్రశ్నార్థకం కూడా. ఆయన పాత కాపీ చూస్తున్నారేమో అనుకున్నాను. ఇవాళ కంపైల్ చేసి అదే వాక్యం మీద డబుల్ క్లిక్ చేశాను. మళ్లీ 212వ లైనే. వాక్యాలు విడగొట్టాక లైను నంబరు మారాలి కదా అనిపించి అప్పుడు పైన ట్యాబు పేరు చూశాను: చాప్టర్3_పాతది.

మెయిన్ ఫైల్లో మూడు వారాల కిందట ఏదో సరిచూసుకోవడానికి కొత్తదాని బదులు పాత కాపీని ఇన్‌పుట్ చేసి, తీయడం మర్చిపోయాను. మంగళవారం నేను సంబరపడ్డ 212 కూడా ఆ పాత ఫైల్లోదే. ఈ మూడు వారాలు నేను రాసిందీ దిద్దిందీ ఏదీ పీడీఎఫ్‌లోకి వెళ్లలేదు. ఫార్వర్డ్ సెర్చ్ కొడితే ఆ చాప్టర్లో మాత్రం ఎందుకు దూకట్లేదో ఇప్పుడు అర్థమైంది.

---

ఓవర్‌ఫుల్ · శుక్రవారం రాత్రి 12:31

ఇప్పుడే ఏదీ డిలీట్ చేయకండి. ముందు రెండు ఫైళ్లకీ డిఫ్ (తేడాల జాబితా) తీసి చూడండి. పాతదాంట్లో కూడా ఏదైనా దిద్ది ఉంటారు, మంగళవారం నుంచి నొక్కినప్పుడల్లా అదే కదా తెరుచుకుంటోంది.

---

మూడో_చాప్టర్ · శుక్రవారం రాత్రి 1:15

తీశానండీ. మీరన్నట్టే పాతదాంట్లో 40 దాకా దిద్దుబాట్లున్నాయి, కొత్తదాంట్లో ఇంకో 60. కలుపుతున్నాను.

గైడ్ గారి ప్రశ్నార్థకం ఉన్న వాక్యం మాత్రం రెండిట్లోనూ తప్పుగానే ఉంది.